వండే మనిషిని బట్టి వంటిల్లు

తాపీ పక్కన పెట్టి కొన్నేళ్లయింది. ఇప్పుడు గుంతకల్లు వీధుల్లో నడుస్తుంటే ఏ మిద్దె మీదనుంచి పొగ వస్తున్నా నాకు గుండె దడ లేదు. ఆ పొగ నేరుగా పైకి పోతోందా, మళ్లీ లోపలికి తిరుగుతోందా అని తలెత్తి చూడాల్సిన పని లేదు. ఈ హాయి ఎంతటిదో వంటిళ్లు కట్టి బతికినవాడికే తెలుస్తుంది. పడకగది కాస్త వంకరగా కట్టినా ఎవరూ పట్టించుకోరు, కళ్లు మూసుకుని నిద్రపోతారు. వంటిల్లు తప్పుగా కడితే మాత్రం పూట పూటకూ ఒక ఆడమనిషి నిన్ను పేరు పెట్టి తిడుతుంది. నా పేరు మస్తాన్. పలకడానికి సులువు కాబట్టి తిట్టడానికీ సులువే.

ఈ మధ్య పనిలో కొత్తగా దిగినవాళ్లు నా దగ్గరికి వచ్చి, ఏ మాదిరి వంటిల్లు మంచిదో చెప్పమంటున్నారు. వాళ్ల చేతుల్లో రంగురంగుల బొమ్మలుంటాయి. వాటిలో వంటిళ్లు బాగానే ఉంటాయి, కాదనను. కానీ ఒక్క బొమ్మలోనూ వండే మనిషి ఉండదు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. ఎన్ని ఇళ్లు కట్టానో, ఎంత సంపాదించానో రాయను. ఒక ఇంటి గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను. పని నేర్చుకున్నానని నాకు నమ్మకం కలిగింది ఆ ఇంట్లోనే.

మామ నేర్పినది, నేర్పనిది

నాకు పని నేర్పింది మా మేనమామ ఖాసిం మేస్త్రీ. పంతొమ్మిది వందల యాభైల్లో గుంతకల్లు చుట్టుపక్కల ఆయనకు మంచి పేరుండేది. గానుగలో ఆడించిన సున్నాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకా ఆడాలో చాలో చెప్పేవాడు. ఆయన వేసిన మిద్దె కురిసిందని నేనెప్పుడూ వినలేదు. కురవడానికి మా సీమలో వాన పడాలి కదా అని నవ్వేవాళ్లూ ఉన్నారు, వాళ్లను వదిలేయండి.

ఆయనకున్న లోటు ఒక్కటే. ఇంట్లోని ఆడవాళ్లతో మాట్లాడేవాడు కాదు. "దుడ్లిచ్చేది మొగోడు. వాడిని అడుగు, వాడు చెప్పినట్ల కట్టు. ఆడోళ్లతో మనకేం మాటప్పా?" అనేవాడు. అందులో సిగ్గు కొంత, మర్యాద కొంత. మేము ముసల్మానులం. మాచేత ఇళ్లు కట్టించుకునేవాళ్లలో చాలామంది హిందువులు. ఇల్లు కడుతున్నన్ని రోజులూ ఆ వంటింట్లో మేము నిలబడతాం, కూర్చుంటాం, బీడీ కాలుస్తాం. గృహప్రవేశం నాడు పాలు పొంగించాక మాత్రం ఆ గడప దాటకూడదు. ఆ రోజుల్లో అది అందరికీ తెలిసిన కట్టుబాటు. మేమూ నొచ్చుకున్నట్టు కనిపించేవాళ్లం కాదు. ఇప్పుడు దాపరికం దేనికి, నాకు నొప్పిగానే ఉండేది. కులం మాట అటుంచండి, పనివాడిగా నొప్పి. మేము కట్టిన పొయ్యి మండుతుంటే ఒక్కసారీ చూసే వీలు లేదు. వీధిలో నిలబడి, మిద్దె మీది గవాక్షిలోంచి, అంటే వెలుతురుకూ పొగకూ వదిలే కంతలోంచి, వచ్చే పొగ చూసి లోపల ఎలా ఉందో ఊహించుకోవాలి.

కూర్చునేవాళ్లు, తిరిగేవాళ్లు

వంట చేసే మనుషుల్లో నాకు తెలిసి రెండు రకాలు. కూర్చునేవాళ్లు పీట వేసుకున్నారంటే వంటయ్యేదాకా లేవరు. ఉప్పు, కారం, పోపు డబ్బా, నీళ్ల చెంబు అన్నీ చేయి చాపితే అందాలి. వాళ్లకు పెద్ద వంటిల్లు కట్టడం శిక్ష వేయడమే. తిరిగేవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి పెరట్లోకి పోతారు, కరివేపాకు కోస్తూ పక్కింటామెతో మాట కలుపుతారు, ఎసరు పొంగినప్పుడు పరుగెత్తుకుని వస్తారు. వాళ్లకు రెండు వాకిళ్లు కావాలి. రైల్వే గార్డు ఒకాయన భార్య అయితే వీధి వైపు కిటికీ లేకపోతే అసలు వండనే వండనంది. కూరగాయల ఆమెతో బేరమాడుతూ వండితే తప్ప ఆమెకు ఉప్పు పాళ్లు కుదరవట. నవ్వకండి, కిటికీ పెట్టాక ఆ ఇంట్లో వంట నిజంగానే బాగుపడిందని గార్డే చెప్పాడు.

కాలువ నీళ్లొచ్చాక కణేకల్ వైపు ఒక రైతు ఇంట్లో పని చేశాను. తోడికోడళ్లు ఇద్దరు, ఒకామె కూర్చునే మనిషి, ఇంకొకామె తిరిగే మనిషి. ఉన్నది ఒక్క పొయ్యి. రోజూ గొడవే. ఆ రైతు వేరు కాపురాల గురించి ఆలోచిస్తున్నాడు. నేను నేల మీద ఒక పొయ్యి, వాకిలి పక్కన గట్టు మీద ఒక పొయ్యి వేశాను. వేరు కాపురాల మాట అంతటితో ఆగిపోయింది.

తాము ఏ రకమో ఎవరికి వారు చెప్పరు. అడిగినా "ఏదో ఒకటి కట్టప్పా" అంటారు. వాళ్ల చేతులూ కాళ్లూ చూసి మనమే తెలుసుకోవాలి. అది నాకు తెలిసింది ఈశ్వరమ్మ దగ్గర.

శెట్టి చూసిన బంగళా

ఈశ్వరమ్మ భర్త రంగయ్య శెట్టి వేరుశెనగ వ్యాపారి. ధారాళమైన మనిషి, మాట కొంచెం దురుసు. ఏదో పని మీద ఒక రైల్వే అధికారి బంగళాకు వెళ్లి, అక్కడి వంటగది చూసొచ్చాడు. నల్లటి బండ పరిచిన ఎత్తైన గట్టు, దాని మీద పొయ్యి, నిలబడి వండే ఏర్పాటు. అది ఆయన మనసులో పడిపోయింది. కొత్త ఇల్లు మొదలుపెట్టినప్పుడు మామకు చెప్పిన మొదటి మాట అదే.

"ఖాసిం, ఆ బంగళాలో గట్టు ఎంత ఎత్తుండాదో నాకూ అంతే ఎత్తు కట్టల్ల. బెత్తెడు తగ్గినా ఒప్పుకోను. మా ఇంటామె గూడా దొరసాని మాదిరి నిలబడి వండల్ల."

మామ ఆ బంగళాకు పోయి, నౌకరును బతిమాలి, గట్టు కొలత తెచ్చుకున్నాడు. తాడిపత్రి బండ తెప్పించి అద్దంలాగా నున్నగా పరిచాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు.

ఈశ్వరమ్మ పొట్టి మనిషి. ఆమెకు ఆయాసముండేది. పాత ఇంట్లో పొయ్యి గాలి రాని మూల ఉండేది, కాల్చేది వేరుశెనగ పొట్టు. శెట్టికి మిల్లునుంచి ఊరికే వచ్చేది కదా, వేరే కట్టెలు కొనడు. ఆ పొట్టు పొగ ఎంత ఘాటో మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆమె దగ్గు విని డాక్టరు, పొగ తగలకూడదు, తగిలే పనైతే వంట మానాలని తేల్చి చెప్పాడు. అందుకే కొత్త ఇల్లు. ఆ ఇంట్లో కూడా దగ్గు తగ్గకపోతే వంట తన అక్క సుబ్బమ్మ చేతికి ఇస్తానని శెట్టి అందరి ముందూ అనేశాడు. సుబ్బమ్మ భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. మంచిదే, బాగా వండుతుందని కూడా పేరు.

గట్టు మీద బండ పరిచిన రోజు ఈశ్వరమ్మ మాకు మజ్జిగ తెచ్చింది. కుండ దించి, గట్టు దగ్గర నిలబడి, చేయి పెట్టి చూసుకుంది. మామ అలవాటుగా బయటికి వెళ్లిపోయాడు. నేను ఒక్కడినే ఉన్నాను.

"మస్తానూ, దీని మీద పొయ్యి, పొయ్యి మీద కుండ పెడితే కుండ మూతి నా గడ్డానికి తగుల్తాది గదప్పా. సంగటి యాడ కెలకల్ల?"

శెట్టి అంగడిలో పనిచేసేవాళ్లందరికీ మధ్యాహ్నం ఆ ఇంట్లోనే రాగి సంగటి. సంగటి ఎలా చేస్తారో తెలియని పట్నం పిల్లలకోసం చెబుతున్నాను. పిండి ఉడికిన కుండను కిందికి దించి, రెండు పాదాలతో అదిమి పట్టి, కట్టెతో బలమంతా పెట్టి కెలకాలి. లేకపోతే ఉండలు కడుతుంది.

"శెట్టికి చెప్పమ్మా" అన్నాను.

"చెప్పినా. దొరసాన్లు వండడం లేదా అన్నాడు. దొరసాని సంగటి కెలికింది ఈయప్ప యాడ చూసినాడో!" అని నవ్వింది. నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది. తగ్గాక నెమ్మదిగా అంది, "ఈ ఇంట్లో గూడా ఈ దగ్గు పోకపోతే వంట మా వొదినకు పోతాది. ఆయమ్మ మంచిదే. కానీ నేనేం చేయల్ల మస్తానూ? మూలన కూసోని, పెడితే తినేదానికేనా నేను ఈ ఇంటికి వచ్చింది?"

ఆ మాట మామకు చెప్పాను. "కొత్త చెప్పులు కరవవా? అలవాటయితాది లే" అన్నాడు. మామ మీద నాకు ఈనాటికీ గౌరవముంది. కానీ ఆ రోజు ఆయన అన్నది తప్పు. చెప్పు కరిస్తే విడిచి నడవొచ్చు. పొయ్యిని విడిచి ఆమె ఎక్కడికి పోతుంది?

తిరగబడిన కుండ

గృహప్రవేశం ఘనంగా చేశారు. వచ్చినవాళ్లందరినీ శెట్టి వంటింటి వాకిలి దాకా తీసుకుపోయి గట్టు చూపించాడు. మాకు కొత్త పంచెలు పెట్టాడు. ఆ తర్వాత కొన్ని రోజులకే అంగడి మనిషి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి, శెట్టి ఉన్నపళంగా రమ్మన్నాడని చెప్పాడు.

వెళ్లేసరికి శెట్టి వాకిట్లో మండిపడుతున్నాడు.

"ఏం ఖాసిం, నమ్మి ఇల్లు చేతిలో పెడితే నా ఇంటామె కాలు కాల్చినావు గదప్పా!"

జరిగింది ఇది. ముందురోజు మధ్యాహ్నం ఈశ్వరమ్మ పొయ్యి మీదనుంచి సంగటి కుండ దించుతోంది. అంత ఎత్తునుంచి దించడమే కష్టం, దానికి తోడు దగ్గు తెర వచ్చింది. కుండ జారి, ఉడుకుతున్న సంగటి పాదం మీద పడింది. దగ్గు ఈ ఇంట్లో తగ్గకపోగా ఎక్కువైందట. ఆ సాయంత్రంనుంచే సుబ్బమ్మ వండుతోంది.

మామ తల దించుకుని నిలబడ్డాడు. గవాక్షి ఇంకొంచెం పెద్దది చేస్తానన్నాడు. చేస్తే సరిపోతుందని ఆయనకే నమ్మకం ఉన్నట్టు లేదు. అప్పుడు నడిమింటి వాకిలి పక్కనుంచి ఈశ్వరమ్మ మాట వినిపించింది. పాదానికి గుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మస్తానూ, ఒక మాట. కాలు కాలినాక నేను ఆడనే నేల మీద కూలబడినా. పొయ్యి మండుతానే ఉండాది, పొగ వస్తానే ఉండాది. కానీ కింద కూసుంటే నాకు దగ్గు రాలేదు. తలెత్తి చూస్తే పొగంతా నాకు పైన ఉండాది."

మామ నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. రైల్వే బంగళా పెంకుటిల్లు, దాని కప్పు ఎక్కడో ఉంటుంది. నిలబడ్డ మనిషి తలకు పైన పొగకు బోలెడంత చోటు. మా మిద్దెలు ఎండకు భయపడి తక్కువ ఎత్తులో కట్టినవి, చేయెత్తితే దూలం తగులుతుంది. అలాంటి మిద్దె కింద గట్టు మీద పొయ్యి పెడితే నిలబడ్డ మనిషి మొహం సరిగ్గా పొగలో ఉంటుంది. బంగళా గట్టును కొలిచిన మామ దాని కప్పును కొలవలేదు.

"అయ్యా, గట్టు తీసెయ్యల్ల. పొయ్యి నేలకు దించల్ల" అన్నాడు మామ. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

పొయ్యి లేని గది

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. "వాళ్లు లోపలికి ఎట్ల వస్తారు?" అంది సుబ్బమ్మ. కోపంగా కాదు, నిజంగానే దారి తోచక అడిగింది. "పాలు పొంగిచ్చినాము, దేవుని పటం పెట్టినాము."

శెట్టి, "గడప దాటకుండా, గోడ అవతలనుంచి పగలగొట్టుకుంటా రాలేవా ఖాసిం?" అన్నాడు. పాపం, ఆయన తిక్కగా అనలేదు, మా పరువు కాపాడదామనే అన్నాడు. మామకు మాత్రం మొహం చిన్నబోయింది. "వేరే మేస్త్రీని పిలిపిచ్చుకో అయ్యా" అని తలగుడ్డ సర్దుకుని బయలుదేరాడు.

ఈశ్వరమ్మ గోడ పట్టుకుని లేచింది. కుంటుకుంటూ వంటింట్లోకి పోయింది. ముందు దేవుని పటం తెచ్చి నడిమింట్లో ఆనించింది. తర్వాత ఒక్కొక్క కుండా, గిన్నే తెచ్చి పెరట్లో బోర్లించింది. సుబ్బమ్మ సాయం పోతే వద్దంది. చివరికి పొయ్యిలోని నిప్పులు పెంకులోకి ఎత్తుకుని వచ్చి పెరట్లో బూడిద కప్పింది. ఆయాసంతో రొప్పుతూ వాకిట్లో నిలబడింది.

"ఇంగ దాంట్లో దేవుడు లేడు, నిప్పు లేదు, కుండ లేదు. నాలుగు గోడలే. మీరు కట్టినప్పుడు ఎట్లుండిందో అట్లే ఉండాది. రాండి లోపలికి."

"మళ్లా పాలు పొంగిచ్చల్ల. ఇల్లంతా కడగల్ల. ఈ ఎండల్లో నీళ్లు యాడివే ఈశ్వరీ?" అంది సుబ్బమ్మ. ఆ ఏడు బావులు అడుగంటి, తాగే నీళ్లకే వీధి చివరి దాకా బిందెలు మోస్తున్నారు.

"చెంబెడు పసుపు నీళ్లు చల్లితే చాలు. మన బావులు ఎట్లుండాయో దేవునికి తెలీదా?"

శెట్టి వేలెత్తి, "సరే. కట్టండి. కానీ ఈసారి దగ్గు వినపడితే వంట అక్కదే. ఇంగ దాని మీద మాట లేదు" అన్నాడు. ఈశ్వరమ్మ తలూపింది.

మేము గట్టు పగలగొట్టాం. నున్నటి బండ పగలకుండా తీస్తుంటే మామ కళ్లలో నీళ్లు తిరిగాయి, సున్నం పడిందన్నాడు. నేల ఖాళీ అయ్యాక నేను ఈశ్వరమ్మను పీట వేసుకుని మధ్యలో కూర్చోమన్నాను. ఉత్త కుండ ముందు పెట్టి సంగటి చేసినట్టు చేయమన్నాను. ఆమె నవ్వింది, సుబ్బమ్మా నవ్వింది. అయినా చేసింది. లేని పిండి పోసింది, లేని కట్టెతో కెలికింది. ఆమె చేయి ఎక్కడెక్కడికి పోతే అక్కడల్లా నేను సున్నపు గడ్డతో నేల మీద గీత గీశాను. పాదాలు పెట్టిన చోట గీశాను. తల వంచితే మొహం ఎక్కడికి వస్తుందో గోడ మీద గీశాను. ఆ రోజు మొదలుకొని చేతిలో తాపీ ఉన్నన్నాళ్లూ ఏ వంటిల్లూ ఇలా గీయకుండా కట్టలేదు.

అప్పుడు మామ వాకిలి దగ్గరనుంచి గొంతు సవరించుకుని, ఏ ఆడమనిషితోనూ మాట్లాడని మా మామ, "అమ్మా, పిండి డబ్బా ఏ చేతికి అందల్ల?" అని అడిగాడు.

"ఎడమ చేతికప్పా. నాది ఎడమ చేతి వాటం."

మేము గూళ్లన్నీ కుడివైపే పెట్టి ఉన్నాం. మామ నుదురు కొట్టుకున్నాడు.

పొయ్యిని నేలకు జానెడెత్తున వేశాం. వెనక గోడకు బండలతో పొగను పట్టే గూడు కట్టి, అడుగు తీసిన కుండలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మట్టి మెత్తి, పొగ మిద్దె పైకి పోయేలా గొట్టం చేశాం. ఆమె పాదాల గీతల మధ్య బండను కుదురులా గుంటగా తొలిచాను, సంగటి కుండ కదలకుండా కూర్చునేలా. శెట్టి మనసు కష్టపెట్టడం దేనికని, ఆ నల్ల బండలో సగాన్ని వాకిలికి ఎదురుగా అరుగులాగా వేసి ఇత్తడి బిందెలు పేర్చుకోమన్నాం. వచ్చినవాళ్లకు ఆయన దాన్నే చూపించుకున్నాడు.

రెండోసారి పాలు

రెండోసారి పాలు పొంగించిన రోజు మామా నేనూ తెల్లారకముందే వచ్చి పెరట్లో కూర్చున్నాం. ఇక ఆ గడప మాది కాదు. పాలు పొంగాయి. మధ్యాహ్నానికి ఆమె వేరుశెనగ పొట్టు వేసి మంట పెంచింది. మిద్దె పైన కుండల గొట్టంలోంచి పొగ మొదట నల్లగా, తర్వాత తెల్లగా లేచింది. నేను దాన్ని చూడటం లేదు, చెవులు రిక్కించి వింటున్నాను. శెట్టి కూడా అంగడికి పోకుండా నడిమింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. సుబ్బమ్మ వాకిలి పక్కన నిలబడి ఉంది, చీర చెంగు నడుముకు దోపుకుని, పిలిస్తే పోవడానికి సిద్ధంగా.

లోపల కుండ దించిన చప్పుడైంది. తర్వాత కట్టె కుండలో తిరుగుతున్న చప్పుడు, ఆగకుండా, బలంగా. అది ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మామ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"వొదినా!" అని లోపల్నుంచి ఈశ్వరమ్మ గొంతు, వీధిలోకి వినిపించేంత గట్టిగా. "పెరట్లో మేస్త్రీలకు రెండు ముద్దలు ఇచ్చి రాపో. వచ్చి నువ్వు గూడా కూసో. నేను వడ్డిస్తా."

సుబ్బమ్మ చెంగు విప్పుకుంది. "వస్తాండా" అంది, నవ్వుతూ. విస్తరాకుల్లో పొగలు కక్కుతున్న రెండు ముద్దలు తెచ్చి మా ముందు పెట్టి, ఇంట్లోకి పోయి ఆకు ముందు కూర్చుంది.

మామ ముద్ద విరిచి వేలితో మెదిపి చూశాడు. "ఒక్క ఉండ గూడా లేదు రా మస్తానూ" అన్నాడు. పొద్దున్నుంచీ ఇద్దరం ఏమీ తినలేదని అప్పుడు గుర్తుకొచ్చింది.